డ్రాయింగ్ సారూ, కాటుక కళ్ల కుందేళ్లూ

బోధన్‌లో బాపురావు సారు పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆయన ముఖం కాదు, ఆయన గీసే సున్నా. ముప్పై మూడేళ్లు సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేశాడు. కంపాస్ ముట్టకుండా, చాక్‌పీసు ఒక్కసారి కూడా పైకి లేపకుండా ఆయన బోర్డు మీద సున్నా గీస్తే, దారం పెట్టి కొలిచినా వంక దొరికేది కాదు. పిల్లలు గీసిన సున్నాలు మాత్రం ఆయన కంటికి ఎప్పుడూ కోడిగుడ్లలాగో ఆలుగడ్డల్లాగో కనిపించేవి.

రిటైరయ్యాక బోర్డు పోయింది కానీ ఆ కన్ను పోలేదు. భార్య సాయవ్వ చేసిన జొన్నరొట్టెను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "ఈశాన్యం మూల జర లోపలికి పోయింది" అనేవాడు. వాకిట్లో ముగ్గు పడగానే నడుం వంచి, ఒక కన్ను మూసి, చుక్కల వరుసను బొటనవేలితో కొలిచేవాడు. మూడు నెలలు ఓర్చుకున్న సాయవ్వ నాలుగో నెలలో ఒకనాడు పిండి చేతులతోనే వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఏమన్న ఒకటి సాదుకో అయ్యా. కోళ్లో, మేకలో, నీ ఇష్టం. నా రొట్టెల మీదికెల్లి నీ కన్ను తీసి దాని మీద వెట్టు."

ఆమె ఉద్దేశం రెండు నాటుకోళ్లు. ఆయన మాత్రం వారం రోజులు ఫోన్ ముందేసుకుని కూర్చుని, ఎనిమిదో రోజు చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒక ఫొటోకు అతుక్కుపోయాడు. అది కుందేలు. చెవుల నుంచి తోక దాకా మంచుముద్దలా తెలుపు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. కళ్ల చుట్టూ మాత్రం సన్నటి నల్లటి గీత. ఎవరో తీరిగ్గా కూర్చుని, ఊపిరి బిగబట్టి, మంచి కుంచెతో కాటుక దిద్దినట్టుంది.

"దీన్ని ఎవరు గీసిన్రు?" అన్నాడు బాపురావు, గదిలో ఎవరూ లేకపోయినా.

గీసింది ఫ్రాన్సు దేశపు దొరసాని అట. నూరేళ్ల కిందట ఒక పల్లెలో కూర్చుని, చుక్కల చుక్కల కుందేళ్లను ఏరి ఏరి జత కలిపి, కాన్పు కాన్పుకూ ఒంటి మీది చుక్కలు తగ్గించుకుంటూ, చివరికి కంటి గీత తప్ప మరే నలుపూ లేని జాతిని నిలబెట్టిందట. ఇప్పుడు ఆ జాతి ఎక్కడా పెద్దగా దొరకదు. ఎవరో పట్టుదల ఉన్నవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు కాపాడుకుంటున్నారు. ఇదంతా చదివిన బాపురావుకు ఒళ్లు పులకరించింది.

"ఆమె కుందేళ్లను పెంచలే సాయవ్వా! ఎరేజరు పట్టుకోని ఏండ్ల తరబడి బొమ్మ గీసింది!"

"దాని పేరేంది?"

"రాసుడు హోటాట్ అని రాస్తరు. పలుకుడు ఓటో."

"ఆటోనా?"

"ఓటో."

"నేనన్నది గదే గద" అంది సాయవ్వ. ఆ రోజు నుంచి ఆ ఇంట్లోనూ, ఆ గల్లీలోనూ, పాలు పోసే మనిషికీ, కూరగాయలమ్మే ఆమెకూ అది ఆటో కుందేలే.

అలాంటి కుందేళ్లు దేగ్లూర్ దగ్గర మిలిటరీలో రిటైరైన ఒక సుబేదార్ దగ్గర ఉన్నాయని తెలిసింది. దేగ్లూర్ అంటే మహారాష్ట్ర, సుబేదార్‌కు మరాఠీ తప్ప వేరే భాష మీద గౌరవం లేదు. బాపురావుకు మరాఠీ రాదు. అందుకని బామ్మర్ది ఆత్మారాంను వెంట తీసుకుపోయాడు. ఆత్మారాం ధర్పల్లిలో పసుపు పండిస్తాడు, నాలుగు బూడిదరంగు కుందేళ్లను సాదుతాడు, పసుపు అమ్మడానికి సాంగ్లీ దాకా పోయొచ్చినవాడు కాబట్టి మరాఠీ మాట్లాడతాడు. ఎంత వచ్చో ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు.

సుబేదార్ తన పంజరాలను కవాతు వరుసలో నిలబెట్టాడు. ఒక్కొక్క కుందేలునూ బల్ల మీదికి ఎత్తి, పళ్లు ఎట్లా కలవాలో, పాదాల కింద బొచ్చు ఎట్లా ఉండాలో, నడుము వెడల్పు ఎంతుండాలో, తల్లి ఏ కాన్పులో ఎన్ని పిల్లల్ని పెట్టిందో చూసి గాని జత కట్టకూడదని పావుగంట సేపు చెప్పాడు. తర్వాత కుందేలును వెల్లకిలా తిప్పి, రెండు వేళ్లతో తోక కింద సున్నితంగా నొక్కి, మగదాన్నీ ఆడదాన్నీ ఎట్లా గుర్తుపట్టాలో మూడుసార్లు చేసి చూపించాడు. పిల్ల కుందేళ్ల విషయంలో చాలామంది పొరబడతారని వేలెత్తి హెచ్చరించాడు.

"ఏమంటున్నడు?" అని అడిగాడు బాపురావు.

"మంచిగ సూస్కోని తీస్కొమ్మంటున్నడు బావ" అన్నాడు ఆత్మారాం.

బాపురావు మంచిగానే చూస్తున్నాడు. భూతద్దం పెట్టుకుని, కుందేళ్ల ముక్కుకు తన ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, ఒక్కొక్క కంటి గీతనూ మొదలు నుంచి చివరిదాకా చదువుతున్నాడు. ఒకదాని గీత కింద మందంగా ఉంది. ఇంకోదానిది మూలన తెగింది. గంటన్నర తర్వాత ఒక మగదాన్ని ఎంచుకున్నాడు. దాని జత కోసం సుబేదార్ తానే ఒక ఆడదాన్ని తీసిచ్చాడు. గీత పరవాలేదు గానీ ఆ ఆడది ఆత్మారాం బొటనవేలు కొరికింది.

బస్సులో వస్తూ పేర్లు ఆలోచించాడు బాపురావు, చరిత్రలో చిత్రకారుల పేర్లేవో. ఇంటికొచ్చేసరికి సాయవ్వ వాకిట్లోనే నిలబడి, "ఒకటి ఆటో, ఇంకోటి మీటర్" అని తేల్చేసింది. ఆడదే మీటర్. అది తిరగడం మొదలుపెడితే ఆగేది కాదు కాబట్టి ఆ పేరు నిలిచింది.

డిసెంబరులో మీటర్ తన రొమ్ము బొచ్చు పీకి, పెట్టెలో గడ్డి మీద పరిచి, ఆరు పిల్లల్ని పెట్టింది. బాపురావు బజారుకు పోయి కొత్త డ్రాయింగ్ నోటుబుక్కూ ఎర్రపెన్నూ కొనుక్కొచ్చాడు. పిల్లలు కళ్లు తెరిచేదాకా గీత సంగతి తేలదు. పది రోజులు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. సాయవ్వ పెట్టె దగ్గరికి పోతే, "వెలుతురుకు అడ్డం రాకు" అని కసిరేవాడు.

పదకొండో రోజు కళ్లు తెరుచుకున్నాయి. మొదటిదానికి గీతే లేదు. రెండోదానికి ఒక్క కంటికే ఉంది, జీవితాంతం కన్ను కొడుతూ ఉండేలా. మూడోదాని కాటుక చెంపల మీదికి కారిపోయి, అప్పగింతలప్పుడు ఏడ్చిన పెళ్లికూతురిలా ఉంది. నాలుగోదానికి గీత కంటి మీదికి ఎక్కి కనుబొమ్మయింది, ఎవర్ని చూసినా ట్రాఫిక్ పోలీసులా లైసెన్సు అడుగుతున్నట్టుంది. ఐదోదానికి కళ్లు బాగానే ఉన్నాయి కానీ ముక్కు కింద మీసం. బాపురావు నోటుబుక్కులో సున్నా, రెండు, ఒకటి, సున్నా, మూడు అని పదికి మార్కులు వేస్తూ పోయాడు.

ఆరోదాన్ని అరచేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. చాలాసేపు కదల్లేదు. సాయవ్వకు భయమేసి, "ఏమైందయ్యా, సచ్చిపోయిందా?" అంది.

"పదికి పది" అన్నాడు బాపురావు. ముప్పై మూడేళ్ల నౌకరీలో ఆయన ఎవరికీ తొమ్మిదిన్నర దాటి వేయలేదు.

దానికి సాయవ్వ కాటుకయ్య అని పేరు పెట్టింది. మగదని తేల్చింది బాపురావే.

"ఎట్ల చెప్తవ్?" అని అడిగిందామె.

"గీత సూడు. ఎక్కడన్న తడబాటున్నదా? ఆ గీతల పౌరుషం ఉన్నది."

మిగతా అయిదింటినీ పాత శిష్యుల ఇళ్లకు పంచేశాడు. వాళ్ల పిల్లలకు మీసమున్న కుందేలు మీదే మనసు పోయింది, దాని కోసం రెండిళ్ల మధ్య కొట్లాట కూడా అయ్యింది. అదేం అభిరుచో బాపురావుకు అర్థం కాలేదు.

ఎండాకాలం వచ్చింది. బోధన్ ఎండకు చెరుకు ఆకులే నాలుక చాపుతుంటే చలిదేశపు కుందేళ్ల సంగతి చెప్పాలా! కూలర్ కుందేళ్ల గదిలోకి పోయింది. కిటికీలకు తడి గోనెసంచులు వేలాడాయి. ఆలుమగలిద్దరూ అట్టముక్కలతో విసురుకుంటూ బయటి గదిలో కూర్చునేవారు.

"వచ్చే జన్మల నేను ఆటో కుందేలునై పుడ్త" అనేది సాయవ్వ. అనేదే గానీ మధ్యాహ్నం మూడుసార్లు లేచి గోనెసంచుల మీద నీళ్లు చల్లేది కూడా ఆమే.

వానలు పడ్డాక ఒకనాడు ఆత్మారాం వచ్చాడు. అతని దగ్గర రంభ అని ఒక బూడిదరంగు ఆడకుందేలు ఉంది. బొద్దుగా, సిగ్గుగా, ఎప్పుడూ పక్కచూపులు చూస్తూ ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాడు.

"బావ, మీ కాటుకయ్యను నాల్గొద్దులు మా ఇంటికి తోలు. మా రంభకు మంచి సంబంధం దొరుకుతలేదు."

బాపురావు బెట్టు చేశాడు. జాతి చెడుతుందన్నాడు. రంభ మూడు తరాలు చెప్పమన్నాడు. ఆత్మారాంకు రంభ తల్లే ఎవరో తెలియదు. చివరికి సాయవ్వ, "నా తమ్ముడు నోరు తెరిచి అడుగుతుంటే గీతలు గీసుకుంట కూసుంటివి" అనేసరికి ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు: మగవైపు వాళ్లం కాబట్టి పుట్టిన పిల్లల్లో మొదట ఏరుకునే హక్కు తనది. ఆత్మారాం చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. కాటుకయ్యను కొత్త బుట్టలో, ఉతికిన తువ్వాలు మీద కూర్చోబెట్టి, నుదుట బొట్టు పెట్టబోయింది సాయవ్వ. తెల్లటి జాతికి ఎరుపు అంటితే ఊరుకోనని బాపురావు అడ్డం పడ్డాడు.

రెండో రోజు ఆత్మారాం ఫోన్ చేశాడు.

"బావ, మీ కాటుకయ్యకు సిగ్గెక్కువున్నది. మా రంభనే ఎగవడుతున్నది."

"మావోడు సంస్కారం ఉన్నోడు" అన్నాడు బాపురావు గర్వంగా. "తొందర పెట్టకున్రి."

"తొందర మావోళ్లు పెడ్తలేరు బావ, రంభ పెడ్తున్నది. గిసొంటి ఆడదాన్ని నేనేడ జూడలే."

నాలుగో రోజు కాటుకయ్య ఇంటికి వచ్చాడు. ఆత్మారాం రంభకు మంచి మేత పెట్టి, రోజూ పొట్ట తడిమి చూసుకుంటూ కూర్చున్నాడు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, రంభ ఉన్నట్టే ఉంది. ఇక్కడ కాటుకయ్య మాత్రం రోజురోజుకూ గుండ్రంగా తయారయ్యాడు. "అత్తగారింటి తిండి పడ్డది" అని మురిసిపోయాడు బాపురావు. ఆకారం కూడా సున్నాకు దగ్గరవుతోందని ఆయనకు లోలోపల సంతోషం.

అప్పుడే నిజామాబాద్‌లో పెంపుడు జంతువుల పోటీ పెడుతున్నారని పేపర్లో వచ్చింది. కుందేళ్లకు వేరే విభాగం ఉంది. బాపురావు పోయినేడు పండక్కి కొన్న తెల్ల చొక్కా వేసుకుని, సాయవ్వనూ కాటుకయ్యనూ వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఫంక్షన్ హాలు ముందు పేర్లు రాసుకునే అమ్మాయి తలెత్తకుండానే అడిగింది.

"ఏం జాతి అంకుల్?"

"ఓటో."

"ఆటో బయటనే పెట్టున్రి అంకుల్, లోపటికి రాదు. ఏం జాతి?"

పది నిమిషాలు పట్టింది. చివరికి "పెద్ద మగ కుందేళ్లు" అనే వరుసలో, పదిహేడో నంబరు పంజరంలో కాటుకయ్యను కూర్చోబెట్టారు. చుట్టూ జనం మూగారు. ఎవరో, "అబ్బ, ఐలైనర్ ఏసుకున్నది సూడు" అన్నారు. బాపురావు చేతులు వెనక్కి కట్టుకుని, సొంత చిత్రప్రదర్శనలో నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

న్యాయనిర్ణేతగా వచ్చింది పశువుల డాక్టరు లత. ఆమె బోధన్ పిల్లే, బాపురావు దగ్గర ఎనిమిదో తరగతి డ్రాయింగ్ నేర్చుకుంది. నేర్చుకుంది అనడం కంటే, వరుసగా నలభై రోజులు సున్నా గీసి, నలభై రోజులూ ఆలుగడ్డ అనిపించుకుంది అనాలి. పదిహేడో పంజరం దగ్గర ఆగి, కాటుకయ్య ముఖం మీదికి వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత నిటారుగా నిలబడి బాపురావును చూసింది.

"సార్, గిట్ల చేస్తరనుకోలే."

"ఏం చేసిన అమ్మా?"

"ఈ గీత దేవుడు గీసింది కాదు సార్. ఎవరి చెయ్యో నాకు తెల్వదా? కండ్లు మూసుకోని చెప్త."

బాపురావు పంజరానికి అడ్డం వచ్చాడు. ముఖం ఎర్రబడింది. లత దూది తడిపి కాటుకయ్య కంటి చుట్టూ తుడిచింది. దూది తెల్లగానే ఉంది. కొబ్బరినూనె తెప్పించి తుడిచింది. అప్పుడూ తెల్లగానే ఉంది. ఆమె భూతద్దం పట్టుకుని ఒక్కొక్క వెంట్రుకనూ మొదలుదాకా విడదీసి చూసింది. నలుపు చర్మం నుంచే వస్తోంది. లత రెండు చేతులూ జోడించింది.

"తప్పయింది సార్. అచ్చం మీరు గీసినట్టే ఉంటే..."

బాపురావుకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా, రెండు క్షణాలు. ఆ వెంటనే, తన చేతి గీతనూ సృష్టి గీతనూ పక్కపక్కన పెట్టి ఒక డాక్టరు తేడా పట్టలేకపోయిందన్న సంగతి ఆయన మనసులోకి దిగింది. కళ్లు చెమర్చాయి. "పరవాలేదమ్మా, ఇంకోసారి అను" అన్నాడు.

ఆ ఇంకోసారి అనే సమయం లేకపోయింది. పంజరంలో కాటుకయ్య ఉన్నట్టుండి తన రొమ్ము బొచ్చు నోటితో పీక్కోవడం మొదలుపెట్టాడు. పీకిన తెల్లటి బొచ్చునంతా మూలకు చేర్చి, కాళ్లతో సర్దుతున్నాడు.

"దూది అంటిచ్చి పరేషాన్ చేసిన్రు. అలిగిండు" అన్నాడు బాపురావు.

సాయవ్వ మాత్రం కొంగు నడుముకు చుట్టింది. "అలిగిండా నీ మొఖమా! పోయిన చలికాలం మీటర్ గిట్లనే జేసింది గద! గది కానుపుకొచ్చిందయ్యా!"

"ఎవరు?"

"కాటుకయ్య!"

లత కుందేలును ఒడుపుగా ఎత్తి వెల్లకిలా తిప్పి, తోక కింద ఒక్క చూపు చూసి, మళ్లీ పంజరంలో దించింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "సార్, దీని మొఖం తప్ప ఇంకేదన్న ఎప్పుడన్న చూసిన్రా?"

బాపురావు సమాధానం చెప్పేలోగా మొదటి పిల్ల పుట్టింది. బహుమతి కప్పులు తెచ్చిన అట్టపెట్టెను ఖాళీ చేసి, గడ్డి పరిచి, పంజరంలోకి జరిపారు. కుక్కల విభాగం దగ్గరున్న జనమంతా ఇటు ఉరికారు. అరగంట తర్వాత మైకు పట్టుకున్నాయన చేతిలోని కాగితం చదివి, "పెద్ద మగ కుందేళ్ల విభాగంల, పదిహేడో నంబర్, కాటుకయ్య..." అని ఆగి, కాగితాన్ని తిప్పి చూసి, "ఏడు పిల్లల్ని పెట్టిండు" అని ప్రకటించాడు. హాలంతా చప్పట్లు.

బాపురావు ఒక కుర్చీలో కూలబడ్డాడు. ఏది నలుపో ఏది తెలుపో ఆయనకు తెలియలేదు. కాసేపటికి ఆయన చెయ్యి జేబులోకి పోయి ఫోన్ తీసింది.

"ఆత్మారాం, మీ రంభను పట్టుకోని డాక్టరమ్మకు వీడియోల చూపియ్యి."

"ముఖమా బావ?"

"ముఖం కాదు!"

ధర్పల్లిలో ఆత్మారాం రంభను వెల్లకిలా పట్టుకుని ఫోనుకు చూపించాడు. లత ఫోన్‌లోకి తొంగి చూసి, "పక్కా మగది" అని తేల్చింది. అవతల రంభను పంజరంలో దించిన చప్పుడైంది. తర్వాత ఆత్మారాం గొంతు మెల్లగా, చాలా మర్యాదగా వినిపించింది.

"బావ, గట్లయితే మగవైపోళ్లం మేమే అయితం గద. మొదట ఏరుకునుడు మాదే."

సాయవ్వ అంతదాకా ఆపుకున్న నవ్వు అప్పుడు బయటపడింది. పంజరం కమ్మీ పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, నిలబడలేక కింద కూర్చుంది. ఆమెను చూసి లత, లతను చూసి మైకు ఆయన. అందరికంటే చివర, ఇష్టం లేకుండానే, బాపురావు కూడా నవ్వాడు.

మగ కుందేళ్ల విభాగంలో బహుమతి ఇచ్చే వీలు లేదు. ఆడ కుందేళ్ల విభాగంలో పేరు రాయించలేదు. నిర్వాహకులు తలలు పట్టుకుంటే లత ఒక దారి చూపింది. పెంపుడు జంతువుల ఫ్యాన్సీ డ్రెస్ అని ఒక విభాగం పెట్టారు, దానికి ఒక్క పోటీదారూ రాలేదు, కప్పు మిగిలిపోయింది.

"ఎనిమిది నెలలు మగ ఏషంల ఉండి ఎవరికీ దొరకలే. దీనికి గాక ఎవరికిస్తం?" అంది లత. కప్పును సాయవ్వ అందుకుంది. ఫొటోలో బాపురావు ముఖం పక్కకు తిప్పుకుని ఉన్నాడు కానీ చెయ్యి కప్పు మీదే ఉంది.

కాటుకయ్య కాటుకవ్వ అయ్యింది. పుట్టిన ఏడింటికీ ఒంటి నిండా బూడిదరంగు మచ్చలే. కళ్లు తెరిచినరోజు బాపురావు ఎర్రపెన్ను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు గానీ, ఆ మచ్చల్లో సున్నా ఎక్కడుందో వెతకడానికే పొద్దు చాలలేదు. ఆత్మారాం వచ్చి ఒకదాన్ని ఏరుకున్నాడు. చూపూ చేష్టా అచ్చం రంభేనట. రంభకు పేరు మార్చమని అక్క పోరింది. "పిలిస్తే పలుకుతున్నది గద, ఇంకెందుకు" అన్నాడతను.

తర్వాత బాపురావు వారానికి రెండు రోజులు లత క్లినిక్‌కు పోయి కూర్చునేవాడు. పళ్లు చూడటం, పాదాలు చూడటం, నడుము తడమడం నేర్చుకున్నాడు. కాన్పుల లెక్క రాసుకోవడం నేర్చుకున్నాడు. ఒకప్పుడు తాను నలభై రోజులు ఆలుగడ్డ అన్న పిల్ల చేతిలో ఇప్పుడు తాను తప్పు మీద తప్పు చేశాడు. ఆమె ఏ ఒక్క తప్పుకూ ఆలుగడ్డ అని పేరు పెట్టలేదు, "మళ్ల చూడున్రి సార్" అనేది, అంతే. పన్నెండోసారి ఆయన ఆడదో మగదో సరిగ్గా చెప్పాడు. ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చాడు.

దసరా దాటాక కాటుకవ్వకు జత కోసం మళ్లీ దేగ్లూర్ పోయాడు. ఈసారి ఆత్మారాంను తీసుకుపోలేదు, పది మరాఠీ మాటలు కాగితం మీద రాసుకుపోయాడు. సుబేదార్ కుందేలు ముఖాన్ని ముందుకు చాపితే, కాగితం చూసి మరాఠీలో "వెనక, వెనక" అన్నాడు. ప్రతి మగదాన్నీ తిప్పి, నొక్కి, రెండుసార్లు చూసుకున్నాక గాని ముఖం జోలికి పోలేదు. చివరికి ఎంచుకున్నదాని కంటి గీత కొంచెం మందమే. కానీ కాళ్లు గట్టివి, వీపు నిండైనది, దాని తల్లి ప్రతి కాన్పులో ఎనిమిదికి తగ్గలేదు. సుబేదార్ బాపురావును పైనుంచి కిందికి చూసి, మొదటిసారిగా సెల్యూట్ కొట్టాడు.

చలికాలం చివర కాటుకవ్వ తొమ్మిదింటిని పెట్టింది. కళ్లు తెరిచేదాకా బాపురావు మూడు పూటలా అన్నం తిన్నాడు. తొమ్మిదింట్లో నాలుగింటికి గీత నిలిచింది, మూడింటికి తెగింది, రెండు బొత్తిగా తప్పాయి. నాలుగంటే ఈ జాతిలో మామూలు మాట కాదని సుబేదారే ఫోన్ చేసి చెప్పాడు. అందులో ఒక ఆడదాన్ని తనకిమ్మని అడిగి, నెల తిరక్కుండా స్వయంగా బోధన్ వచ్చాడు.

సాయవ్వ జొన్నరొట్టె, గోంగూర పెట్టింది. సుబేదార్ మూడు రొట్టెలు తిని, నాలుగోది అడిగి, ఆ తర్వాత కుందేలు పిల్లను ఒళ్లో పెట్టుకుని ఏదో అన్నాడు. బాపురావు తన పది మాటల్లో వెతుక్కున్నాడు కానీ అర్థం కాలేదు.

"ఏమంటున్నడు?" అంది సాయవ్వ.

"తెల్వదు. మంచిగనే అంటున్నడు" అని బాపురావు పిల్లను మెల్లగా అందుకుని, వెల్లకిలా తిప్పి, ఆడదేనని ఆయనకు చూపించాడు.